కఫం డబ్బాలో లేనిది

చిన్నడాక్టరుగారికి ఏడో మంచం ఒక పట్టాన కొరుకుడు పడలేదు.

ఆ మంచం మీద మనిషి తవిటమ్మ. ఇరవై ఎనిమిదేళ్లుంటాయి. ఉద్దానం వైపు కొబ్బరి పీచు మిల్లులో పని. చిన్నప్పట్నుంచీ ఉబ్బసం. పీల్చే మందు పీలుస్తూనే ఉంది, ఆయాసం మాత్రం తగ్గదు. దగ్గు తగ్గదు. సాయంత్రమయ్యేసరికి ఒళ్లు వెచ్చబడుతుంది. ఆరేళ్లలో రెండుసార్లు, రెండు ఊళ్లలో, టీబీ అని చెప్పి నెలల తరబడి మాత్రలు మింగించారు. మింగింది. కొన్నాళ్లు బాగున్నట్టే ఉండి మళ్లీ మొదటికొచ్చేది. మూడోసారి మా గుట్టమీది ఛాతీ ఆసుపత్రికి వచ్చి పడింది.

చిన్నడాక్టరు పేరు కౌస్తుభ్. చదువులో బంగారు పతకం తెచ్చుకున్నవాడు. ఎక్స్‌రే వెలుతురుకి పట్టుకుని, మనం పది లెక్కపెట్టేలోపు జబ్బు పేరు చెప్పేసేవాడు. చెప్పింది చాలావరకు తప్పేది కాదు, ఆ మాట ఒప్పుకోవాలి. కానీ వచ్చిన మొదటి రోజు నేను కఫం డబ్బాల పళ్లెం ఎత్తుకుని ఎదురొస్తే, గోడకి అంటుకుపోయి ముక్కు మూసుకున్నాడు. అదీ నేను మర్చిపోలేదు.

నేను ఎర్నమ్మని. ఆ ఆసుపత్రిలో ముప్పై ఒక్క ఏళ్లు కఫం డబ్బాలు పంచాను, తీశాను, కడిగాను. సంతకమూ నంబర్లూ తప్ప నాకు చదువు లేదు. అయితే నా చేతిలో ఒక్క డబ్బా తారుమారైందని ఇంతవరకు ఎవరూ అనలేదు. అననివ్వను.

తవిటమ్మకి మూడేళ్ల కూతురుంది. అత్తగారు ఆ పిల్లని తన దగ్గరే పెట్టుకుంది. ఈసారి కూడా ఆ జబ్బే అని తేలితే పిల్లని తల్లి నీడ కూడా తాకనివ్వననీ, తవిటమ్మని ఒక్కదాన్నే అన్నగారింటికి పంపేస్తాననీ చెప్పిందట. మొగుడు కూర్మయ్య మంచివాడే, తల్లి మాట దాటలేడు. శనివారం వచ్చి డాక్టరు నోటితో వింటానన్నాడు. తవిటమ్మ ఏడ్చేది కాదు. మంచం పక్కన ఎవరు నిలబడినా, శనివారానికి ఎన్నాళ్లుందని మాత్రం అడిగేది.

సోమవారం పొద్దున పెద్దడాక్టరుగారు వార్డుకి వచ్చారు. దైవసహాయంగారు. మా కొండకి ఆయనే పెద్ద. గొంతు పెంచగా నేను వినలేదు. రోగి మంచం పక్కన స్టూలు వేసుకుని కూర్చుంటారు, నిలబడి మాట్లాడరు. తుఫాను వచ్చిన ఏడాది ఒక్క పనివాడు కూడా కొండ ఎక్కలేకపోతే, ఆయన ఒక్కరే కూర్చుని నలభై డబ్బాలు కడిగి బోర్లించారు. మర్నాడు నేను వెళ్లి వెతికాను, ఎక్కడైనా మరక మిగిలిందా అని. దొరకలేదు. అప్పట్నుంచి ఆయనంటే నాకు గురి.

చిన్నడాక్టరు తవిటమ్మ సంగతి గడగడా అప్పజెప్పాడు. కుడి ఊపిరితిత్తిలో పైన మచ్చ ఉందనీ, పాత టీబీ తిరగబెట్టిందనీ, మాత్రలు మధ్యలో మానేసి ఉంటుందనీ, ఈసారి గట్టి మందులు మొదలుపెట్టాలనీ అన్నాడు. ఒక్క మాత్ర కూడా మానలేదని తవిటమ్మ చెప్పబోయింది. అందరూ అలాగే అంటారని ఆమె వైపు చూడకుండానే అనేశాడు.

పెద్దడాక్టరుగారు ఆమె చెయ్యి పట్టుకుని నాడి చూస్తున్నారు. తల ఎత్తకుండా అడిగారు.

"కఫం ఏ రంగులో ఉందయ్యా?"

"మూడుసార్లూ నెగెటివ్ సార్."

"రంగు అడిగాను."

చిన్నడాక్టరు కాగితాలు తిరగేశాడు. ముందుకి తిప్పాడు, వెనక్కి తిప్పాడు. అందులో ఎన్ని అంకెలున్నాయో గానీ రంగు మాత్రం లేదు. వెనకాల నర్సమ్మలు మాస్కుల్లోనే నవ్వుకున్నారు. నేను నవ్వలేదు, గాని బాగుందనుకున్నాను.

పెద్దడాక్టరుగారికి కోపం రాలేదు. శనివారం దాకా టీబీ మందు మొదలుపెట్టొద్దన్నారు. ఆయాసానికి ఇచ్చేవి ఇస్తూ ఉండమన్నారు. తర్వాత నా వైపు తిరిగారు.

"ఎర్నమ్మా, రేపట్నుంచి నాలుగు రోజులు నీ డబ్బాల పని డాక్టరుగారు చేస్తారు. నేర్పు."

చిన్నడాక్టరు చెవులు కందిపోయాయి. రౌండు అయ్యాక ఆయన గది దాకా వెంటబడ్డాడు. నేను ఫినాయిలు బకెట్టుతో గుమ్మం దగ్గరే ఉన్నాను, కాబట్టి వినపడింది. తను ఏదైనా తప్పు చేస్తే చెప్పమనీ, ఇలా అందరి ముందూ శిక్ష వెయ్యడం ఏమిటనీ అడిగాడు.

"శిక్షెక్కడిదయ్యా? పని." అంతే. ఆయన కళ్లజోడు తుడుచుకుంటూ ఉండిపోయారు.

మంగళవారం ఆరింటికల్లా వచ్చాడు. రెండు మాస్కులు, రెండు జతల తొడుగులు, పైన నీలం గౌను. పెళ్లికొడుకులా తయారయ్యారు బాబూ, ఇక పల్లకీ ఒకటే తక్కువన్నాను. డబ్బాల మీద నంబర్లు వెయ్యమంటే పన్నెండింటికీ మూతల మీద వేశాడు. మూత మీద వేస్తే మూత మారినప్పుడు మనిషి మారిపోతాడు. నంబరు ఎప్పుడూ డబ్బా ఒంటి మీద ఉండాలి. ఈ ముక్క తెలియకుండా బంగారు పతకం ఎలా ఇచ్చారో వాళ్లనే అడగాలి. పన్నెండూ తుడిపించాను, మళ్లీ రాయించాను. రెండో నంబరు వంకరగా ఉంటే అదీ మళ్లీ రాయించాను.

రోగులు దగ్గేది వార్డులో కాదు. వెనక గోడ దగ్గర, ఆకాశం కింద, గాలి ఎటు పోతోందో చూసుకుని నిలబడాలి. నోరు పుక్కిలించి, గుండెల నిండా గాలి పీల్చి, లోపల్నుంచి తియ్యాలి. నోట్లో ఊరిన ఉమ్ము వేసి చేతులు దులుపుకునే వాళ్లుంటారు. నురగ కనిపించిందంటే అది ఉమ్మే, తిప్పి పంపాలి. ఇవన్నీ చెప్పాను. మొదటి రోజు ఊపిరి బిగపట్టుకుని పళ్లెం మోశాడు. రెండో రోజు బిగపట్టడం మానేశాడు. ఆ రోజే పదకొండో మంచం తాతని పేరుపెట్టి పిలిచాడు. తాత ఎవర్నో అనుకుని వెనక్కి తిరిగి చూశాడు.

గురువారం పొద్దున తవిటమ్మ వంతు వచ్చింది.

ఆమె గోడ వైపు తిరిగి చాలాసేపు దగ్గింది. చిన్నడాక్టరు వెళ్లిపోకుండా నాలుగడుగుల దూరంలో నిలబడ్డాడు. నేను మెట్ల మీద కూర్చుని చూస్తున్నాను. దగ్గడం అయ్యాక తవిటమ్మ కింద పడున్న కొబ్బరి ఈనె తీసి, డబ్బాలో పెట్టి, ఏదో ఏరింది. ఏరినదాన్ని ఇసకలో పడేసి కాలి బొటనవేలితో మట్టి కప్పింది. మళ్లీ ఏరింది. మళ్లీ కప్పింది. అప్పుడు డబ్బాకి మూత పెట్టి, శుభ్రంగా పైట చెంగుతో తుడిచి, రెండు చేతులతో అందించింది.

ఏమిటది ఏరుతున్నావని అడిగాడు.

తవిటమ్మ బెదిరిపోయింది. తప్పేమైనా చేశానా అన్నట్టు నా వైపు చూసింది.

"గట్టి ముక్కలు బాబూ. ముక్కలుంటే ఎర్నమ్మత్త ఒప్పుకోదు కదా."

చిన్నడాక్టరు నా వైపు చూశాడు. నేను డబ్బాల వైపు చూశాను.

ఆ మాట నేను చెప్పిందే. ముప్పై ఏళ్లుగా ప్రతి మంచానికీ చెప్పిందే. ముక్కలున్న కఫం ల్యాబులో పాపారావు గాజుపలక మీద పరవలేడు. ఇదేం సరుకే ఎర్నమ్మా అని డబ్బా వెనక్కి పంపించేవాడు. నా డబ్బా వెనక్కి రావడం నాకు తలవంపు. అందుకని మంచి కఫం ఇవ్వండి, చెత్త ఏరేసి ఇవ్వండి అని ముందే చెప్పి ఉంచేదాన్ని. ఇంతకు ముందు చూపించుకున్న చోట్ల కూడా ఆమెకి ఇదే చెప్పారట.

చిన్నడాక్టరు నన్ను ఒక్క మాట అనలేదు. ఇసక ముందు మోకాళ్ల మీద కూర్చున్నాడు. వేళ్లతో తవ్వాడు. చింతపండు పీచుముక్కలా ముదురు గోధుమరంగులో, వేలెడంత ముక్క ఒకటి దొరికింది. పక్కన ఇంకోటి. ఇంతకు ముందు మూడుసార్లు ఇచ్చినప్పుడు ఏరినవీ ఎండిపోయి ఉన్నాయి.

తెల్ల పింగాణీ గిన్నెలో ఉప్పునీళ్లు పోసి, ఆ వేళ అప్పుడే ఏరిన ముక్కని అందులో వదిలాడు. కాసేపటికి అది మెల్లగా విప్పుకుంది. ఒక కాండం, దానికి రెండు కొమ్మలు, కొమ్మలకి చిన్న చిన్న పాయలు. పీకిన గడ్డిమొక్క వేరులా ఉంది. ఊపిరి గొట్టాలు లోపల ఎలా చీలుతాయో అచ్చం అలాగే ఉందని తనలో తనే అనుకున్నట్టు అన్నాడు. గొట్టంలో పోతపోసినట్టు గట్టిపడి, దారి మూసేసి, దగ్గితే ఊడి వచ్చింది.

గిన్నె రెండు చేతులతో పట్టుకుని పెద్దడాక్టరుగారి గదికి నడిచాడు. నేనూ వెనకే వెళ్లాను, ఎవరూ రమ్మనకపోయినా. ఆయన గిన్నెలోకి చాలాసేపు చూశారు. ఆమె సంచీ చూశావా అని మాత్రం అడిగారు.

తవిటమ్మ మంచం కింద ఒక ఎరువుల సంచీ ఉండేది. ఆరేళ్ల ఎక్స్‌రేలు అందులోనే. వచ్చిన రోజే ఇవ్వబోయింది, పాతవెందుకు, కొత్తది తీయిద్దామన్నాడు. ఇప్పుడు తనే వంగి ఆ సంచీ లాగాడు. వార్డు కిటికీ అద్దాలకి తారీఖుల వరసన తొమ్మిది ఫిల్ములూ అతికించాడు. వెనకనుంచి ఎండ పడింది. ఒక్కో మచ్చ మీదా వేలు పెట్టుకుంటూ నడిచాడు. మొదట ఎడమవైపు పైన. ఆ తర్వాత అక్కడ లేదు, కుడివైపు మధ్యలో. తర్వాత అసలు లేదు. తర్వాత ఎడమవైపు కింద. ఇప్పుడు కుడివైపు పైన.

చివరి కిటికీ దగ్గర ఆగిపోయాడు.

"ఇది తిరుగుతోంది సార్," అన్నాడు మెల్లగా.

పెద్దడాక్టరుగారు తలూపారు. ఇక ఏం చెయ్యాలో ఆయన చెప్పలేదు. చిన్నడాక్టరే ఒకటొకటిగా చెబుతూ పోయాడు. ఆయన వింటూ కూర్చున్నారు.

ఆ రోజు, మర్నాడు వార్డంతా ఆ పనే. తవిటమ్మ ముంజేతి మీద బూజు నుంచి తీసిన రసం ఒక చుక్క, పోల్చి చూడ్డానికి ఉత్త ఉప్పునీటి చుక్క ఒకటి వేసి సూదితో గుచ్చారు. పావుగంటలో బూజు చుక్క వేసిన చోట రూపాయి బిళ్లంత దద్దురు లేచింది. పక్కది చదునుగానే ఉంది. ముక్కని పాపారావు భూతద్దంలో చూసి, సాలెపురుగు దారాల్లా కొమ్మలు కొమ్మలుగా బూజు ఉందన్నాడు. చిన్నడాక్టరు నాకు అర్థమయ్యేలా చెప్పాడు, అడక్కుండానే. తడిసిన పీచులో, గడ్డిలో, గోడల మీద ఉండే బూజు ధూళి అందరి ఊపిరిలోకీ పోతుందట. అందరం దాన్ని దులిపేసుకుంటాం. ఉబ్బసం ఉన్న కొందరి ఒళ్లు మాత్రం దాని మీద అదేపనిగా యుద్ధం చేస్తుందట. ఆ యుద్ధానికే గొట్టాలు వాచి, కఫం గట్టిపడి, ఎక్స్‌రేలో మచ్చ వేస్తుంది. ముక్క ఊడితే ఆ మచ్చ పోతుంది, ఇంకోచోట వస్తుంది. చూసేవాళ్లకి టీబీలాగే ఉంటుంది. పట్టించుకోకపోతే గొట్టాలు శాశ్వతంగా సాగి పాడైపోతాయి.

మందు సంగతి వచ్చినప్పుడు మాత్రం తొందరపడలేదు. దీనికి వాపు తగ్గించే స్టెరాయిడ్ మాత్రలు ఇవ్వాలి, కానీ లోపల నిజంగానే టీబీ కూడా దాక్కుని ఉంటే అవి దాన్ని రెచ్చగొడతాయి. అందుకని మళ్లీ కఫం తీయించి, ఈసారి ముక్కలతో సహా, టీబీ పురుగుని పట్టే మిషనులో పెట్టించాడు. లేదని వచ్చాకే రాశాడు. నెత్తురు పట్నం పంపితే శనివారం పొద్దున ఫోను వచ్చింది. ఒళ్లు చేసే ఆ యుద్ధం ఎంత జోరుగా ఉందో చెప్పే అంకె ఒకటి నెత్తురులో ఉంటుందట. ఈ జబ్బుని అనుమానించడానికి అది వెయ్యి ఉంటే చాలట, తవిటమ్మకి తొమ్మిది వేల చిల్లర ఉంది. స్కానులో కూడా గొట్టాలు నడిమి భాగంలో సాగి ఉన్నాయి.

ఆ ఫోను పెట్టేసి వచ్చి వరండాలో పెద్దడాక్టరుగారి పక్కన నిలబడ్డాడు. గెలిచిన మొహం. ఆరేళ్లు, ఇద్దరు డాక్టర్లు, ఒక్కరూ చూడలేదు సార్ అన్నాడు.

"మంచి కఫం ఇమ్మన్నాం. పాపం, ఇచ్చింది," అన్నారాయన.

నేను స్తంభం వెనక చీపురు పట్టుకుని ఉన్నాను. ఉన్నానని ఆయనకి తెలుసు. నా వైపు చూడలేదు. చూసి ఉంటే ఎదురు చెప్పేదాన్ని, నాకు చెప్పిందెవరు, పాపారావు కాదా అని. చూడకపోయేసరికి చెప్పడానికేమీ దొరకలేదు. ఆ సాయంత్రం నుంచి మంచం మంచానికీ తిరిగి, ఏదొస్తే అది వెయ్యండి, ఏరొద్దు అని చెప్పుకొచ్చాను. పాపారావుకి కూడా చెప్పాను. అతనితో ఏమన్నానో ఇక్కడ చెప్పను.

ఆ శనివారం మధ్యాహ్నమే కూర్మయ్య వచ్చాడు. అత్తగారు కూడా వచ్చింది గానీ గేటు దాటలేదు. గేటు పక్క రేకుల పాక కింద పిల్లని ఒళ్లో ఇరికించుకుని కూర్చుంది. కోడలికి కారియర్లో అన్నం, ఎండునెత్తళ్ల పులుసు తెచ్చింది. ఆ తల్లికి ప్రేమ లేదని నేనను. అన్నంతో పాటు ఒక సొట్ట కంచం కూడా తెచ్చింది. దాని అంచుకి మేకుతో బెజ్జం కొట్టి ఉంది, ఇంట్లో కంచాలతో కలిసిపోకుండా. తవిటమ్మ వచ్చి ఆరడుగుల దూరంలో కూర్చుని ఆ కంచంలో తింటోంది. కళ్లు మాత్రం పిల్ల మీదే. పిల్ల అటు వంగబోతే నాయనమ్మ చెయ్యి బిగించేది.

చిన్నడాక్టరు వాళ్ల ముందు నిలబడి అంతా చెప్పాడు. ఇది టీబీ కాదనీ, ఒకరి నుంచి ఒకరికి అంటదనీ, నెలల తరబడి మాత్రలు వాడాలనీ, పీచు మిల్లు పని మానెయ్యాలనీ, రెండు నెలలకోసారి వచ్చి నెత్తురు చూపించుకోవాలనీ, మళ్లీ తిరగబెట్టే జబ్బు కాబట్టి తగ్గిందని వదిలెయ్యొద్దనీ అన్నాడు. టీబీ అయినా సరే అది గాలి జబ్బే గాని కంచం జబ్బు కాదని కూడా అన్నాడు. కూర్మయ్య చేతులు కట్టుకుని విన్నాడు. ముసలమ్మ మొహంలో ఏమీ కదల్లేదు. అప్పుడు చిన్నడాక్టరు జేబులోంచి కాగితం తీసి, ఇది అంటే జబ్బు కాదని తెలుగులో పెద్ద అక్షరాలతో రాసి, సంతకం పెట్టి, ఆసుపత్రి ముద్ర వేయించి తెచ్చి ఇచ్చాడు.

ఆమె కాగితం తీసుకుంది. ఇటు తిప్పింది, అటు తిప్పింది. మోకాలి కింద పెట్టుకుంది.

"సదువుకున్నోరు బాబూ, రాత్తారు. మరి ఆ కంచంలో మీరు తింతారా?"

వెటకారం కాదు. నిజంగానే అడిగింది. ఆమెకి తెలుసుకోవాల్సింది అదొక్కటే.

కూర్మయ్య తల్లిని కసిరాడు. నేనూ ఏదో అనబోయాను. చిన్నడాక్టరు కుళాయి దగ్గరికి వెళ్లాడు. చేతులు కడుక్కున్నాడు. మాస్కు తీసి జేబులో పెట్టుకున్నాడు. వచ్చి నేల మీద, తవిటమ్మ ఎదురుగా, బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. ఆమె కలుపుకున్న అన్నంలోంచి ఒక ముద్ద తీసి నోట్లో పెట్టుకున్నాడు.

"వొద్దు బాబూ, ఎంగిలి," అంది తవిటమ్మ. కంచం వెనక్కి లాక్కోబోయింది. అతను అంచు పట్టుకుని రెండో ముద్ద తీసుకున్నాడు. పులుసు కారంగా ఉన్నట్టుంది, కళ్లలో నీళ్లు తిరిగాయి. మూడో ముద్ద కూడా తిన్నాడు.

ముసలమ్మ అతని నోరే చూస్తోంది. మింగేదాకా చూసింది. ఎప్పుడు చెయ్యి సడలిందో ఆమెకే తెలియదు. పిల్ల ఒళ్లోంచి జారి, నేల మీద రెండు చేతులూ ఆన్చి లేచి, ఆరడుగులూ నడిచి, తల్లి వీపు మీద వాలింది. తవిటమ్మ చేతికి అన్నం అంటుకునే ఉంది. పిల్లని పట్టుకోవడానికి చెయ్యి తుడుచుకోవాలని కూడా తోచలేదు.

పెద్దడాక్టరుగారు ఇంటికి వెళ్లడానికి గొడుగు పట్టుకుని మెట్ల మీద నిలబడి ఉన్నారు. ఎప్పట్నుంచి ఉన్నారో. గేటు దాటుతూ చిన్నడాక్టరు పక్కన ఒక్క క్షణం ఆగారు.

"ఇప్పుడు రాశావయ్యా," అన్నారు. కొండ దిగిపోయారు.